తొవ్వ రాసిపెట్టినోళ్లకు శనార్తి

శనార్తి తలుపా, ముందు నీకే. నల్లటి తెర మీద ఒంటరిగా నిలబడి, కిర్రుమని మూలుగుతూ, ఎదుటివాడికి ఎంత తొందరున్నా నీ తీరున నువ్వే తెరుచుకునే తలుపా! నీ అవతల ఏముందో నీకు తెలుసు, చెప్పవు. అవతలి గది బొమ్మను సీడీ మీంచి చదువుకోవడానికి ప్లేస్టేషన్‌కు పట్టే ఆ కొద్ది సెకన్లను కప్పిపుచ్చడానికే నిన్ను అక్కడ పెట్టారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిసినా నీ ముందు నా అరచేతుల చెమట ఆరలేదు. యంత్రం నత్తనడకను కూడా భయంగా మలిచినవాడెవడో గాని, వాడి తెలివికి దండం.

శనార్తి రెసిడెంట్ ఈవిల్. 1996 మార్చి 22న జపాన్‌లో క్యాప్‌కామ్ వాళ్లింట్లో పుట్టినప్పుడు నీ పేరు బయోహజార్డ్. అమెరికాలో ఆ పేరు మీద హక్కు దక్కదని ఈ రెండో పేరు పెట్టి పంపారు. మా దాకా వచ్చింది ఈ పేరే. నీ కర్త షింజి మికామి. నీకో అక్క కూడా ఉంది, 1989లో అదే కంపెనీ చేసిన స్వీట్ హోమ్ అనే పాడుబడ్డ భవంతి ఆట. దాన్నే మళ్లీ చేద్దామని కూర్చుంటే నువ్వు వచ్చావు. మొదట అంతా ఆటగాడి కళ్లలోంచే చూపించాలనుకున్నారట. ఆ బూడిదరంగు పెట్టెకు అంత సత్తువ లేకపోయింది. అందుకని 1992లో ఫ్రాన్స్‌వాళ్లు అలోన్ ఇన్ ద డార్క్‌లో తొక్కిన దారి పట్టారు. ముందే గీసిపెట్టిన కదలని గది, అందులో కదిలే మనిషి, పైన మూలకు బల్లిలా అతుక్కున్న కెమెరా. నడిచేవాడు కనిపిస్తాడు, నడిచి వచ్చేది కనిపించదు. ఈడ్చుకుంటూ వచ్చే అడుగుల చప్పుడొక్కటే వినిపిస్తుంది. లేమిలోంచి వచ్చిన పనితనం నీది. మా కోరుట్లకు నువ్వు చేరింది కూడా లేమి దారిలోనే.

కోరుట్లలో దుబాయ్ పోనివాళ్ల ఇల్లు వెతుక్కోవాలి. మా బాపు కూడా పోయాడు. రెండేండ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. ఆయన కంటే ముందు మేము ఎదురుచూసేది నైలాన్ తాడుతో బిగించిన అట్టపెట్టె కోసం. దాని మీద నాలుగు పక్కలా మార్కర్‌తో ఆయన పేరు, ఊరు, కరీంనగర్ జిల్లా. 2001లో వచ్చిన పెట్టెలో ఎప్పటిలాగే పులిబొమ్మ దుప్పటి, టాంగ్ డబ్బా, పాలపొడి, టైగర్ బామ్ సీసాలు, సెంటు. వాటి నడుమ తువ్వాలలో చుట్టిన ప్లేస్టేషన్, ఎవరో వాడి అమ్మేసినది. దాంతో రెండు సీడీలు. ఒకటి కారు పందేలది, గీతలు పడి నడవలేదు. రెండోది నువ్వు. "పిల్లలాడుకునేదేనట" అన్నాడు బాపు, అట్ట మీది మొహం కేసి అనుమానంగా చూస్తూ. పిల్లలది కాదని ఆ అట్ట మీదే ఇంగ్లిషులో రాసి ఉంది. అది చదవగలిగినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే. చదవనట్టే ఊరుకున్నాను.

పెట్టెలో రానిది ఒకటుంది, మెమరీ కార్డు. అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ ముక్క, లోపల 128 కిలోబైట్లు, పదిహేను గళ్లు. ఆడినంత మేరా గుర్తుంచుకునేది అదే. అది లేకుంటే మిషను ఆపిన ప్రతిసారీ మళ్లీ మొదటి గుమ్మమే. ఈ సంగతి అమ్మినవాడు బాపుకు చెప్పలేదు. బాపును అడిగే తెలివి మాకూ లేకపోయింది.

శనార్తి అవ్వా, నీకు కూడా. చాట ఒళ్లో పెట్టుకుని, కత్తెరతో తునికాకు కోస్తూ, తంబాకు పోస్తూ, చుట్టి దారం కడుతూ, కళ్లు మాత్రం టీవీకి అప్పగించిన మా అవ్వా! భోజనాల గది దాటిన తర్వాత ఇరుకు సందులో శవం మీద వంగి ఉన్న మొదటి పీనుగు మెల్లగా తల తిప్పి చూసినప్పుడు నీ చేతిలో బీడీ ఆగిపోయింది. కానీ నిన్ను ఎక్కువ ఆపింది పీనుగు కాదు, ఆ ఇల్లు. రెండంతస్తుల ఎత్తు హాలు, నడుమ వెడల్పాటి మెట్లు, గోడకు జింక తల, ఒక్కో అర్రకు ఒక్కో బీగం.

"గిది దొర గడీ రా బిడ్డా" అన్నావు. "గిండ్ల దొర ఏడి?"

"లేడవ్వా. ఇడిసిపెట్టి పోయిండు."

"దొర పోతడు. గడీ భయం పోదు."

నాకు అప్పుడది అర్థం కాలేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగిందని, ఆ అక్టోబర్‌లోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారని, ఆ రోజుల్లో ఎందరో దొరలు గడీలకు తాళాలేసి పట్నం పోయారని పెద్దయ్యాక పుస్తకాల్లో చదివాను. అవ్వ చదవలేదు. చిన్నతనంలో గడీలో వెట్టి చేసింది. ఏ దర్వాజ ఎక్కడికి పోతుందో, ఏ సందులో నిలబడితే దొర కంట పడకుండా ఉండొచ్చో ఆమెకు తెలుసు. అందుకే ఆటలోని ఆ స్పెన్సర్ భవంతి కింద నేలమాళిగలో మనుషుల మీద ప్రయోగాలు జరిగాయని నేను చెప్తే ఏమీ ఆశ్చర్యపోలేదు. "గడీల తొవ్వలు దొరకు ఎర్క ఉండవు రా, పనోళ్లకే ఎర్క" అని మళ్లీ బీడీ అందుకుంది. ఆ ఒక్క మాటలో నీ మర్మమంతా ఉంది, రెసిడెంట్ ఈవిల్. నీలో కథ చెప్పేది దొర కాదు, పనివాళ్లు. అక్కడ పనిచేసినవాళ్లు రాసుకున్న చీటీలు. కుక్కల కాపరి డైరీ ఒకటుంది. తారీకు మారేకొద్దీ వాక్యం పొట్టిదవుతుంది, చివరికి రెండు మాటలై తెగిపోతుంది. ఆ రెండు మాటలు రాసిన చెయ్యి ఇంకా ఆ గదిలోనే, అల్మారాలో ఉంది. ఇంగ్లిషు మాటలకు భయపడటం ఇంగ్లిషు పరీక్షలో కాక ఇంకెక్కడైనా జరుగుతుందని నేను అనుకోలేదు.

కిటికీ అద్దాలు పగలగొట్టుకుని కుక్కలు దూకిన రాత్రి నేను పెట్టిన కేకకు అవ్వ నన్ను మంగళవారం కొండగట్టుకు తీసుకుపోయింది. దయ్యం పట్టిందన్నవాళ్లు నలభై రోజులు నిద్ర చేసే గుట్ట అది. ఆంజనేయస్వామి దారం ఒకటి నా చేతికి కట్టించింది, ఇంకోటి తెచ్చి ప్లేస్టేషన్ వైరుకు కట్టింది. ఆ దారం తర్వాత కుక్కలు తగ్గలేదు గాని కేకలు తగ్గాయి.

ఎండాకాలం సెలవులకు సిరిసిల్ల. మేనమామ ఇల్లు బి.వై. నగర్‌లో. ముందు అర్రల్లో మనుషులు, వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు. పుస్తకంలో మరమగ్గం అంటారు, సిరిసిల్లలో ఆ మాట అంటే మొహం చూస్తారు. మామ ఆసామి. సేటు దగ్గర బీములూ నూలూ తెచ్చి, బట్ట నేసి ఇచ్చి, మీటరుకు ఇంత అని కూలి తీసుకునేవాడు. అత్త కండెలు చుట్టేది. ఆ షెడ్డు పక్క అర్రలో టీవీ ముందు నేను నా పథకం వేశాను. కార్డు లేదు కనుక ఆపకుండా ఆడాలి. రాత్రి పదికి మొదలుపెడితే తెల్లారేసరికి, ఆట చివర్లో వచ్చే హెలికాప్టర్ రావాలి. పాత మిషను వేడెక్కితే సీడీ చదవడం మానేసేది, బోర్లించి పెడితే మళ్లీ చదివేది. అందుకని బోర్లించి, గాలాడటానికి కింద రెండు ఖాళీ కండెలు ఊతం పెట్టాను. ప్రపంచమంతటా పోరగాళ్లు ఇదే చేశారని తర్వాత తెలిసింది, కండెలు మినహా.

శనార్తి ఆ రాత్రికి. గోడకు పెట్టాల్సిన పతకాలు దొరికాయి, తోట దాటాను, కాపలావాళ్ల ఇల్లు దాటాను. మూడు దాటి ఉంటుంది. మళ్లీ భవంతిలోకి వచ్చాను. పీనుగుల లెక్క తెలిసిన ఇల్లే కదా అని ధీమా. అప్పుడు తెర మారింది. నేను వచ్చిన దారినే ఇంకెవరో పరుగెత్తుకొస్తున్నారు, వాళ్ల కళ్లలోంచి నాకు దారి కనిపిస్తోంది. గడప దాటింది, మలుపు తిరిగింది, నా తలుపు పిడి కదిలింది.

కరెంటు పోయింది.

టీవీ ఆరింది. దానికంటే ముందో వెనకో, నాలుగు సాంచాలు ఆగాయి. పక్కింటివి ఆగాయి, గల్లీవి ఆగాయి, అవతలి గల్లీవి ఆగాయి. సాంచా చప్పుడు వినకుండా నిద్రపోని ఊరు అది. చప్పుడు ఆగితే పసిపిల్లలు లేస్తారు. ఎక్కడో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. షెడ్డులోంచి చెప్పులు ఈడుస్తున్న చప్పుడు నా తలుపు దాకా వచ్చింది. నా జన్మలో అంత బిగుసుకుపోయింది అప్పుడే. మామ. చేతిలో టార్చి.

"మొత్తం పోయిందా?" అన్నాడు తెర వైపు చూసి.

"మొత్తం పోయింది మామా. మళ్ల మొదటి నుంచే."

ఆయన నన్ను షెడ్డులోకి తీసుకుపోయి, సగంలో ఆగిన బట్ట మీద టార్చి వేలాడగట్టి చూపించాడు. "నడుమల ఆగినచోట గీత పడ్తది సూడు. కరెంటు అచ్చి మళ్ల నడిపిచ్చినా గా గీత పోదు. సేటు పట్టుకుంటడు." వేలితో తడిమితే నాకు కూడా తగిలింది, వెంట్రుకంత మందంగా. ఏ రాత్రి ఎక్కడ ఆగిందో బట్టకు గుర్తుంటుంది. దానికి కార్డు అక్కర్లేదు. మా మామకు ఆ గీత కూలిలో కోత, నాకు మాత్రం ఆ రాత్రంతా దాని మీద అసూయ.

ఇప్పుడు నీ గర్భగుడికి వస్తున్నాను. శనార్తి టైపు మిషన్ ఉన్న అర్రా! అంత పెద్ద భవంతిలో పీనుగులు అడుగుపెట్టని గదులు కొన్నే. బల్ల మీద టైపు మిషన్, పక్కన చెక్కపెట్టె, ఎక్కడినుంచో వచ్చే నెమ్మదైన వాయిద్యం. చేతిలో ఇంకు రిబ్బన్ ఉంటే ఇక్కడి దాకా వచ్చానని నమోదు చేసుకోవచ్చు. ఆ రిబ్బన్లు కూడా లెక్కే. ఒక గది పెట్టెలో వేసిన వస్తువు ఇంకో గది పెట్టెలో ఎలా ప్రత్యక్షమవుతుందో ఎవరూ అడగరు, దేవుడి మహిమను అడుగుతామా? కార్డు లేనివాణ్ణి గనుక నాకు అక్కడ పని లేదు. అయినా ప్రతిసారీ లోపలికి పోయి, కాసేపు నిలబడి, పాట విని, బయటపడేవాణ్ణి. గుడి ముందు నుంచి పోతూ దండం పెట్టినట్టు.

ఆ ఏడే పెదనాన్న కొడుకు అన్న జగిత్యాలలో టైపు నేర్చుకునేవాడు, లోయర్ పరీక్షకు కట్టి. ఒకసారి వెంట పోయాను. పాత ఇల్లు, గచ్చు నేల, బల్లల మీద డజను మిషన్లు, వాటి మీద వంగిన తలలు. ఒక్కసారిగా అన్నీ కొడుతున్నాయి. సగం నలుపు, సగం ఎరుపు ఉన్న రిబ్బన్ చక్రం నా అరచేతిలో పెట్టాడు అన్న, వేళ్లకు మసి అంటింది. గోడ వారగా కూర్చుని నేను అనుకున్నది ఒక్కటే, ఇక్కడికి పీనుగులు రావు. మా అన్నకు మాత్రం అంతకంటే భయంకరమైన అర్ర భూమ్మీద లేదు. ఆ పరీక్ష మూడోసారికి గట్టెక్కాడు.

అదే గల్లీలో నెట్ సెంటర్. గంటకు ఇరవై రూపాయలు. అక్కడ దొరికాయి నాకు తొవ్వ రాసిపెట్టినోళ్ల రాతలు, నేను పాడాలని కూర్చున్నది అసలు వీళ్ల గురించే.

శనార్తి మీకు, ఏ దేశంవాళ్లో తెలియని అన్నలారా, అక్కలారా! మీకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆట ముగించి, ఆనందపడి, మంచం ఎక్కకుండా మళ్లీ మొదటి గుమ్మం దగ్గరికి వచ్చారు. ఈసారి కలం పట్టుకుని వచ్చారు. ఎక్కడ కుడికి తిరగాలో, ఏ మూలన తూటాలున్నాయో, ఏ పీనుగును చంపాలో, దేన్ని తప్పించుకుపోతే చాలో, గోడ మీది తుపాకి తీస్తే పక్క గది పైకప్పు ఎందుకు కిందికి దిగుతుందో, దాని చోట విరిగిన తుపాకి పెట్టాలని, అంతా ఉత్త అక్షరాల్లో రాశారు. బొమ్మ ఒక్కటి లేదు. అడ్డగీతలు, నిలువుగీతలు, కూడిక గుర్తులతో రెండంతస్తుల భవంతి పటం అల్లారు, మా ఆడవాళ్లు చుక్కలు పెట్టి ముగ్గు కలిపినట్టు. తప్పు దిద్దినవాళ్ల పేర్లన్నీ అడుగున రాసి కృతజ్ఞతలు చెప్పారు. అనుమతి లేకుండా ఎత్తిరాయవద్దని మొదటే హెచ్చరించారు కూడా. మన్నించాలి. ప్రింటు తీయడానికి డబ్బుల్లేక, మీ అరవై పేజీలూ నేను రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో చేత్తో ఎత్తి రాసుకున్నాను. తొమ్మిది ఆదివారాలు పట్టింది. తెలుగులోకి మార్చుకుంటూ రాశాను. 'కారిడార్' అన్నచోట సందు, 'కీ' అన్నచోట తాళంచెవి, ఆ రాత్రి నా తలుపు దాకా పరుగెత్తుకొచ్చిన దాని పేరు 'హంటర్' అన్నచోట మాత్రం ఏం రాయాలో తోచక 'కప్ప మొకపుది' అని రాశాను.

అప్పటి నుంచి భయానికి లెక్క వచ్చింది. ఆటలో క్రిస్‌గా నడిస్తే ఆరు గళ్లు, జిల్‌గా నడిస్తే ఎనిమిది, అంతకంటే మోయలేరు. తూటాలు పదిహేను ఉంటే ఎన్ని పీనుగులు, కొన్నింటిని తప్పించుకుపోతే ఎన్ని మిగులుతాయి. పచ్చాకు ఒకటి తింటే కొంత, మూడు కలిపితే ఒళ్లంతా నయం. విషమెక్కితే నీలం ఆకు. అవ్వకు ఇది చాలా నచ్చింది, పీనుగుల ఊళ్లో కూడా పసరు వైద్యమేనా అని. షార్జా నుంచి వచ్చిన పక్కింటాయన కార్డు తెచ్చిచ్చిన వారానికి భవంతి నుంచి బయటపడ్డాను. హెలికాప్టర్ ఎక్కిన ఆ పొద్దు చూడటానికి నేనూ అవ్వా తప్ప ఎవరూ లేరు. ఆమె నిద్రపోతోంది.

ఆ తర్వాత నువ్వు పెద్దదానివయ్యావు. నీ తోబుట్టువులందరినీ తలచుకుంటే తెల్లారుతుంది. 1998లో వచ్చిన రెండోది, పోలీసు ఠాణాలో జరిగేది, నాకు ఆలస్యంగా దొరికింది. ఠాణాలో విగ్రహాలు, గుప్త ద్వారాలు ఎందుకున్నాయంటే అది అంతకుముందు కళల మ్యూజియమట. గడీ ఆఫీసుగా మారడం ఎరిగిన జిల్లాలవాళ్లం, మేము వెంటనే ఒప్పుకున్నాం. నాలుగోది 2005లో వచ్చింది. అంతకు ముందే ఆ వార్త దుబాయ్‌లో ఉన్న సోపతి అన్న ఫోన్‌లో చెప్పాడు: "ఈసారి పీనుగులు లేవురా, ఊరోళ్లే ఉన్నరు." 2007లో కంప్యూటర్‌కు వచ్చినప్పుడు కోరుట్ల నెట్ సెంటర్‌లో ఆడాం, సీడీ ఎక్కడిదని అడగొద్దు. మౌసుతో గురి కుదరదు, అంతా కీబోర్డు మీదే. ఎక్కడో ఐరోపా పల్లె. చేతుల్లో గొడ్డళ్లు, గడ్డిపారలు పట్టుకున్న రైతులు ఒక పరాయివాణ్ణి చుట్టుముడతారు. చర్చి గంట మోగగానే అంతా మరిచి, ఆయుధాలు వదిలేసి వెళ్లిపోతారు.

ఆ గంట దగ్గర నేను కాసేపు ఆగుతాను. బాణామతి చేశాడని, మంత్రాలు వేసిందని పక్కింటివాళ్లను చంపిన వార్తలు మా జిల్లాల పేపర్లలో చదువుతూ పెరిగాను. 2022 జనవరిలో జగిత్యాలలోనే, మంత్రాలన్న అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పట్టపగలు పొడిచి చంపారు. అక్కడ ఏ గంటా మోగలేదు. ఆ భయానికి పటం లేదు, తూటాల లెక్క లేదు, టైపు మిషన్ గది లేదు. నీ దయ్యాలు మంచివి రెసిడెంట్ ఈవిల్. వాటికి నియమం ఉంది, పీనుగులు తలుపు దాటి రావు, కారణం చీటీల్లో దొరుకుతుంది. ఏదో కంపెనీ, ఏదో వైరస్, ఫలానా సంతకం. నిన్ను ఆడితే పిల్లలు పాడైపోతారన్న పెద్దమనుషులతో నేను వాదించను. దయ్యానికి కారణం వెతకడం మాత్రం నువ్వే నేర్పావని చెప్తాను.

శనార్తి చచ్చినదాన్ని లేపినోళ్లకు. రెండో భాగాన్ని సగానికి పైగా చేసి, నచ్చక, క్యాప్‌కామ్ అవతల పారేసింది. అందులో ఎల్జా వాకర్ అనే బైకు నడిపే పిల్ల ఉండేది, ఆమె స్థానంలోనే క్లెయిర్ వచ్చింది. ఆ పారేసిన ఆటకు అభిమానులు 'ఒకటిన్నర' అని పేరు పెట్టి, పత్రికల్లో పడ్డ పాత ఫొటోలు దాచి, ఏళ్ల తరబడి వెతికి, 2013లో దాని ప్రతి ఒకటి అందరికీ అందేలా చేశారు. ఆడటానికి సరిగా కుదరని ఆట కోసం అంత కష్టం! నాకు వాళ్లంటే అసూయ, గౌరవం, కొంచెం జాలి కూడా.

మిగతావి తొందరగా చెప్తాను. 2017లో ఏడోదానితో కెమెరా చివరికి ఆటగాడి కళ్లలోకే వచ్చింది, మికామి మొదట కోరుకున్న చోటికి. అప్పటికి ఆయన క్యాప్‌కామ్‌లో లేడు. 2019లో రెండోదాన్ని, 2023లో నాలుగోదాన్ని కొత్తగా చేశారు. తలుపులు ఇప్పుడు ఆగకుండా తెరుచుకుంటాయి, అది నాకు నచ్చలేదు. 2021లో జాంబీ రెడ్డి సినిమా వస్తే తెలుగులో తొలి జాంబీలని రాశారు. అవ్వ ఉంటే, "ఇరవై ఏండ్ల కిందే సూసిన" అనేది. తొమ్మిదో భాగం రెక్వియం అని 2025 జూన్‌లో ప్రకటించి 2026 ఫిబ్రవరి 27 అని తేదీ చెప్పారు. మళ్లీ రెండో భాగం జరిగిన రకూన్ సిటీకే అట. ఆ వార్త నాకు మొదట పంపింది షార్జాలో ఉన్న మా మామ కొడుకు. నాలుగు సాంచాలు అమ్మేసి పోయినవాడు.

నోట్‌బుక్ నా దగ్గర లేదు. 2004లో మెట్‌పల్లి పిల్లవాడొకడు తీసుకుపోయాడు, వాడి దగ్గర్నుంచి ఇంకెవరో, వాళ్ల దగ్గర్నుంచి సిరిసిల్లలో ఎవరో. నీలం అట్ట, మీద కొండగట్టు దారం చుట్టి ఉంటుంది. ఎవరి దగ్గరుందో గాని, వాపసు ఇవ్వకండి, ఉంచుకోండి. మూడో పేజీలో మాత్రం ఒక తప్పుంది, దిద్దుకోండి. ఎర్రాకు ఒక్కటే తిన్నా దెబ్బలు మానుతాయని రాశాను. మానవు. పచ్చాకుతో కలిపితేనే పనిచేస్తుంది.